‘ఏరేదే?’ అని మా పిన్ని అడిగింది: ఢిల్లీ యాత్ర నిర్వాహకులకు బహిరంగ లేఖ

ఢిల్లీ, ఆగ్రా యాత్రలకు మనవాళ్లను తీసుకొచ్చే తెలుగు టూర్ నిర్వాహకులందరికీ,

నమస్కారం.

నేను పద్నాలుగేళ్లుగా ఢిల్లీలో ఉంటున్నాను. ఏటా కార్తీక మాసం దాటాక ఒకసారి, వేసవి సెలవుల్లో ఇంకోసారి మీ బస్సుల్లోంచి దిగి మా ఇంటికి ఎవరో ఒక చుట్టం వస్తారు. కాశీ, గయ, ప్రయాగ చూసుకుని, మథుర, ఆగ్రా మీదుగా ఢిల్లీ చేరినవాళ్లు. మీ గురించి వాళ్లు చెప్పేవి మంచి మాటలే. వంటవాళ్లను వెంటబెట్టుకుని వస్తారని, ఊరుగాని ఊళ్లో రోడ్డు పక్కన ఆపి కూడా వేడన్నం, పప్పు, ఆవకాయ వడ్డిస్తారని, మోకాళ్ల నొప్పులున్నవాళ్లను చెయ్యి పట్టుకుని మెట్లు దించుతారని చెబుతారు. భాష రాని ఊళ్లకు ఒంటరిగా వెళ్లలేని పెద్దవాళ్లు మీ ధైర్యం చూసుకునే ఇంత దూరం వస్తున్నారు. అందుకే ఈ లేఖ ఇంకెవరికో కాకుండా మీకే రాస్తున్నాను.

ఎర్రకోట దగ్గర వాళ్లకు ఇంకో గంటన్నర ఇవ్వండి. ఆ గంటన్నరా కోటకు తూర్పు వైపున, యమున వైపున గడపనివ్వండి. నేను అడిగేది ఇంతే. ఎందుకు అడుగుతున్నానో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

పోయిన ఏడాది మా పిన్ని, బాబాయి ఇలాగే ఒక ప్యాకేజీలో వచ్చారు. బస్సు దింపిన చోట “నలభై నిమిషాలు. ఫొటోలు దిగి వచ్చెయ్యండి, తర్వాతి పాయింట్‌కి లేటైపోతుంది” అన్నారట. సెక్యూరిటీ లైనులో పావుగంట పోయింది. లోపలికి వెళ్లగానే ఛత్తా చౌక్ బజారు. గాజులు, చెవిదిద్దులు, మనవరాలికి ఒక చేతిసంచి కొనేసరికి ఇంకో పావుగంట. ప్రజా దర్బారు మండపం దివాన్-ఇ-ఆమ్ ముందు అందరూ నిలబడి గ్రూప్ ఫొటో దిగారు, టైమైపోయిందని వెనక్కి పరుగు. ఆ రాత్రి మా ఇంట్లో అన్నాలు తింటూ “ఎర్రకోట ఎలా ఉంది పిన్నీ?” అన్నాను. “బానే ఉందే. కొట్లు బావున్నాయి” అంది.

నాకు ఆ రాత్రి మనసు మనసులో లేదు. తప్పు పిన్నిది కాదు. ఆవిడ చూసింది కోట వాకిలి, వాకిట్లో బజారు, పెద్ద చావడి. ఇంట్లోకి వెళ్లనేలేదు. ఎర్రకోటలో ఇల్లంటూ ఉంటే అది తూర్పు అంచున ఉంది. షాజహాన్ కోటంతా కట్టించింది ఆ అంచు కోసమే. ముంతాజ్ మహల్, రంగ్ మహల్, ఖాస్ మహల్, ఆంతరంగిక దర్బారు దివాన్-ఇ-ఖాస్, స్నానాల గదులున్న హమామ్, ఉత్తరపు చివర షా బుర్జ్ అనే బురుజు. ఇవన్నీ ఒకే వరసలో, నది మీదికి తెరుచుకునేలా కట్టినవి. ఏటి ఒడ్డున పెద్దింటివాళ్లు మేడ కట్టుకుంటే ఎటు ముఖం పెడతారు? ఏటి వైపే కదా. ఇదీ అంతే.

మర్నాడు వాళ్ల బృందం మన వైపు రైలెక్కింది. మా వాళ్లను నేను ఇంకో నాలుగు రోజులు ఉంచేసుకున్నాను. మంగళవారం పొద్దున పిన్నిని మెట్రోలో లాల్ ఖిలా స్టేషన్‌కి తీసుకెళ్లాను. ఈసారి బజారులో ఆగలేదు. నగారాలు మోగించే నౌబత్ ఖానా దాటి, దివాన్-ఇ-ఆమ్ పక్కగా నడిచి నేరుగా రంగ్ మహల్ ముందుకు వెళ్లాం. పిన్నిది కోనసీమ, గౌతమి గట్టున ఉన్న ఊరు. పుట్టినప్పటినుంచీ ఏటిని చూస్తూ పెరిగిన మనిషి. ఆ మండపాల వరస చూసింది, ఎత్తయిన అరుగు చూసింది, వాటి మధ్యలోంచి అవతలికి తొంగి చూసింది. చెట్లు, వాటి వెనక ఎక్కడో బండ్ల హారన్లు. నా వైపు తిరిగి అడిగింది: “అమ్మాయ్, మరి ఏరేదే?”

నేను ఒక్క ముక్క చెప్పకుండానే అడిగింది. ఇది ఏటి ఒడ్డు మేడ అని ఆ కట్టడమే ఆవిడకు చెప్పింది. ఎర్రకోట గురించి అడగాల్సిన మొదటి ప్రశ్న అదేనని నాకు అప్పుడే తట్టింది.

1639లో షాజహాన్ ఈ కోటకు శంకుస్థాపన చేసినప్పుడు యమున ఈ గోడను ఆనుకునే పారేది. ఊరివైపు గోడలు 33 మీటర్ల దాకా లేస్తే, నదివైపు 18 మీటర్లతో సరిపెట్టారు. అటు నది కాపలా ఉంది కాబట్టి అంత ఎత్తు అక్కర్లేకపోయింది. ఉస్తాద్ అహ్మద్ లాహోరీ, ఉస్తాద్ హమీద్ దీనికి మేస్త్రీలు. 1648 ఏప్రిల్‌లో గృహప్రవేశం జరిగినప్పుడు బాద్‌షా ఇప్పుడు మనం టికెట్ చూపించి వెళ్లే లాహోరీ గేటు గుండా రాలేదు. నదివైపు గుమ్మం గుండానే లోపల అడుగుపెట్టాడు. ఖాస్ మహల్‌కి ఆనుకుని ముసమ్మన్ బుర్జ్ అని ఎనిమిది పలకల బురుజు ఉంటుంది. దాని కింద ఖిజ్రీ దర్వాజా అని చిన్న ద్వారం. నీళ్లకు కాపుగా ఉండే మహాత్ముడని నమ్మే ఖిజ్ర్ పేరు దానికి పెట్టారు.

పిన్నికి బాగా నచ్చింది మాత్రం నీళ్ల సంగతి. రంగ్ మహల్ నేల మధ్యలో తామరపువ్వులా చెక్కిన పాలరాతి తొట్టి ఉంది. ఆ మండపాలన్నిటి కడుపులోంచీ ఒక పాలరాతి కాలువ పోతుంది. దాన్ని నహర్-ఇ-బిహిష్త్ అనేవారు, స్వర్గపు కాలువ అని. ఉత్తరాన షా బుర్జ్ దగ్గర నీళ్లు లోపలికి వచ్చి, వాలుగా చెక్కిన రాయి మీదుగా జారి, హమామ్ మీదుగా దివాన్-ఇ-ఖాస్‌లోకి, అక్కణ్నుంచి ఖాస్ మహల్‌లోకి, అక్కణ్నుంచి రంగ్ మహల్ తొట్టిలోకి చేరేవి. ఖాస్ మహల్‌లో కాలువ మీద పల్చటి పాలరాతి జాలీ తెర ఒకటి అడ్డంగా నిలబడి ఉంటుంది. దాని పైన చంద్రవంక, నక్షత్రాలు, వాటి నడుమ న్యాయపు త్రాసు. నీళ్లు ఆ తెర కిందనుంచే వెళ్లేవి. వంగి చూస్తే కాలువ గాడి ఇప్పటికీ స్పష్టంగా కనబడుతుంది. ఎండిపోయి, దుమ్ము పట్టి.

“పక్కనే ఏరుంటే ఇంత కష్టమెందుకే? తోడుకోవచ్చుగా” అంది పిన్ని. అప్పుడు ధవళేశ్వరం గుర్తుచేశాను. పక్కనే గోదారి ఉన్నా మన పొలం ఎత్తులో ఉంటే నీరెక్కదు కదా. ఎగువన ఆనకట్ట కట్టి, అక్కణ్నుంచి కాలువలో వాలు చూసుకుంటూ తెచ్చుకుంటాం. ఇక్కడా అదే లెక్క. ఈ నేల నది కన్నా చాలా ఎత్తు. అందుకని అంతకు ముందు కాలంలో ఫిరోజ్ షా తుగ్లక్ తవ్వించగా, తర్వాత పూడిపోయిన కాలువను షాజహాన్ కాలంలో బాగుచేయించి, యమున ఎగువ నుంచి నీళ్లు తెచ్చారు. ఆ పని చూసుకున్న అలీ మర్దాన్ ఖాన్ పేరే ఆ కాలువకు నిలిచింది. “ఓహో, మన లాకుల్లాగే” అని తలూపింది. ఎన్ని పుస్తకాలు చదివితే నాకు ఎక్కిన సంగతి, కాలువ గట్టు మీద పుట్టిన మనిషికి ఒక్క మాటతో ఎక్కేసింది. మీ బస్సుల్లో వచ్చేవాళ్లలో సగంమంది కృష్ణా, గోదావరి కాలువల కింద వ్యవసాయం చేసినవాళ్లే. వాళ్లకు అర్థం కాదనుకుని మీరు చెప్పకుండా వదిలేస్తున్నవి నిజానికి వాళ్లకే ముందు అర్థమవుతాయి.

కోటలోనే ఉన్న హయాత్ బక్ష్ తోటలో ఎదురెదురుగా రెండు పాలరాతి మండపాలున్నాయి. వాటి పేర్లు సావన్, భాదోఁ. మన శ్రావణం, భాద్రపదమే. రెండు వానాకాలపు నెలలు. వాటిలో నీళ్లు తెరలా కిందికి జారేవి. ఆ నీటి తెర వెనక గోడలో వరసగా చిన్న చిన్న గూళ్లు. పగలు వాటిలో పూలు పెట్టేవారు, రాత్రి దీపాలు. పిన్ని ఆ గూళ్లను వేలితో లెక్కపెట్టడం మొదలుపెట్టి, మధ్యలో మర్చిపోయి, మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టింది. ఈ మండపాల దగ్గరికి నేను వెళ్లిన ఏ రోజూ మన తెలుగు బృందం ఒక్కటీ కనబడలేదు.

ఆ నది ఒడ్డునే ఎంత కథ నడిచిందో కూడా వాళ్లకు చెప్పాలి. పొద్దున్నే బాద్‌షా బురుజు కిటికీలో కూర్చుంటే కింద ఇసుకలో జనం నిలబడి చూసేవారు. ఝరోకా దర్శనం అనేవారు దాన్ని. ఆ ఇసుకలోనే ఏనుగుల పోట్లాటలు పెట్టేవారు. 1857 మే 11న మీరట్ నుంచి తిరగబడి వచ్చిన సిపాయిలు పడవల వంతెన మీదుగా యమున దాటి, నేరుగా ఈ కిటికీల కిందికే వచ్చి, ఎనభై ఒక్కేళ్ల బహదూర్ షా జఫర్‌ను తమకు నాయకత్వం వహించమని కేకలేసి పిలిచారు. మనం బడిలో చదువుకున్న ప్రథమ స్వాతంత్ర్య సంగ్రామం ఢిల్లీలో అంటుకున్నది ఆ గోడ కిందనే. నాలుగు నెలలు గడిచాక, ఢిల్లీ ఇంగ్లీషువాళ్ల చేతికి తిరిగి పోతున్నప్పుడు, ఆ ముసలాయన కోట విడిచి వెళ్లింది కూడా నదివైపు నుంచే. తర్వాత పట్టుకొచ్చి, 1858లో ఆయన తాత ముత్తాతల దివాన్-ఇ-ఖాస్‌లోనే విచారణ జరిపి రంగూన్ పంపేశారు. 1862లో అక్కడే పోయాడు.

ఆ దివాన్-ఇ-ఖాస్ గోడ మీద పారసీలో రాసి ఉంది, భూమ్మీద స్వర్గమంటూ ఉంటే అది ఇదే, ఇదే, ఇదే అని. అక్కడే నెమలి సింహాసనం ఉండేది. 1739లో నాదిర్ షా పట్టుకుపోయాడు. అందులో పొదిగిన రాళ్లలో కోహినూరు ఒకటి. అది మన పల్నాడులో, కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిందని తరతరాలుగా చెప్పుకుంటున్నాం. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది. గుంటూరు, నరసరావుపేటల నుంచి వచ్చేవాళ్లను ఆ పాలరాతి అరుగు ముందు నిలబెట్టి ఈ ఒక్క మాట చెప్పి చూడండి, ఎలా వింటారో. సింహాసనం పోయిన ఇరవై ఏళ్లకే, 1760లో, మరాఠా సేనలు వచ్చి ఆ హాలు పైకప్పుకున్న వెండి రేకులు ఊడదీసి కరిగించుకున్నాయి. ఇప్పుడు కనబడే కప్పు తర్వాత వేసిందే.

ఇక పిన్ని ప్రశ్నకు జవాబు. ఏరు ఏమైంది? కాలక్రమాన తూర్పుకి జరిగిపోయింది. ఏరన్నాక ఒక గట్టు కొరుకుతుంది, ఇంకో గట్టున మేట వేస్తుంది, గోదారివాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. అది ఖాళీ చేసిన నేల మీద ఇప్పుడు రింగ్ రోడ్డు పోతోంది. కోట లోపలి సంగతి మాత్రం ఏరు చేసింది కాదు, మనుషులు చేసింది. 1857 తర్వాత ఇంగ్లీషు సైన్యం లోపలి కట్టడాల్లో ఎక్కువ భాగం పడగొట్టి, తన బ్యారక్‌లు కట్టుకుంది. జనానా లోగిళ్లు, చావళ్లు, నడవలు అన్నీ పోయాయి. మీరిప్పుడు చూసే పచ్చిక మైదానాలు ఒకప్పుడు ఇళ్లు. మండపాలు ఒకదానికొకటి సంబంధం లేనట్టు విడివిడిగా నిలబడ్డాయంటే, వాటిని కలిపే గోడలు, వాకిళ్లు లేకపోవడమే కారణం. 2003 చివర్లో సైన్యం ఖాళీ చేసి వెళ్లింది. 2007లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఏరు ఒకసారి తిరిగి కూడా వచ్చింది. 2023 జూలై 13న పాత రైలు వంతెన దగ్గర యమున 208.66 మీటర్లకు చేరింది. అంతకు ముందు రికార్డు 1978 నాటిది, 207.49. రింగ్ రోడ్డు మునిగి, నీళ్లు ఎర్రకోట వెనక గోడను తాకాయి. ఇళ్లు మునిగిన వాళ్లు డివైడర్ల మీద, ఫ్లైఓవర్ల కింద రాత్రులు గడిపారు. ఆ రోజుల్లో మా ఇంట్లోనూ టెన్షనే, నీళ్ల సరఫరా తగ్గిపోయింది. కానీ టీవీలో ఆ ఎర్రగోడ కింద మట్టిరంగు నీళ్లు చూసినప్పుడు, ఇది నది ఒడ్డు మేడ అని నాకు మొదటిసారి కళ్లకు కట్టింది. ఈ మాట పిన్నికి చెబితే, “పాత గట్టు మర్చిపోదే ఏరు” అంది. మా ఊళ్లో వరదలప్పుడు పెద్దవాళ్లు అనే మాటే.

ఇప్పుడు మీ పని దగ్గరికి వస్తాను. మీ టైమ్‌టేబుల్ ఎంత బిగుతుగా ఉంటుందో నాకు తెలుసు. బస్సు పార్కింగ్, డ్రైవర్ డ్యూటీ గంటలు, మధ్యాహ్నం వంట ఎక్కడ దించాలి, సాయంత్రం రైలు. ఇవన్నీ ఉండగా గంటన్నర పెంచమనడం తేలిక కాదు. అయినా కొన్ని సర్దుబాట్లు కుదురుతాయి.

సోమవారం ఎర్రకోట మూసి ఉంటుంది. సోమవారం ఢిల్లీలో పడేలా ప్లాన్ చేసి, బయటి గోడ దగ్గర ఫొటో తీయించి “అదే ఎర్రకోట” అని చూపించి తీసుకెళ్లిన బృందాలను నేను చూశాను. ఆ ఒక్క రోజు తప్పించండి. పొద్దున తెరవగానే తీసుకెళ్లండి. లోపలికి వెళ్లాక బజారు ఆఖర్న పెట్టండి, ఎందుకంటే తిరిగి వచ్చేదీ అదే దారిన. ముందు తూర్పు అంచుకి నడిపించండి, అది అరకిలోమీటరుకు అటూ ఇటూ ఉంటుంది. నడవలేనివాళ్లు ఉంటే తొందరపెట్టకండి, మధ్యలో చెట్ల నీడ ఉంది, కూర్చుని లేచి వస్తారు. మే నెలలో పన్నెండింటికి మాత్రం తీసుకెళ్లకండి. ఆ ఎండలో ఎవరికీ ఏమీ చూడాలనిపించదు. నీళ్ల సీసా అందరి చేతిలో ఉండేలా చూడండి.

ఇంకోటి ఉంది, దీనికి టైమే అక్కర్లేదు. మీరు ఎలాగూ రాజ్‌ఘాట్‌కి వెళ్తారు. కశ్మీరీ గేట్ బస్టాండు వైపు నుంచి రింగ్ రోడ్డు మీదుగా వెళితే కుడిచేతి వైపు కోట వెనక గోడ కనబడుతుంది. బురుజు, దానికి జఫర్ తండ్రి రెండో అక్బర్ పెట్టించిన బాల్కనీ, మండపాల వరస. 1911 ఢిల్లీ దర్బారప్పుడు ఇంగ్లండు రాజు ఐదో జార్జి జనానికి దర్శనమిచ్చింది ఆ బాల్కనీలోంచే. బస్సు ఆపక్కర్లేదు. మైకులో “కుడివైపు చూడండి, మన బస్సు ఇప్పుడు పాత యమున మీద పోతోంది” అనండి. చాలు.

లాహోరీ గేటు దగ్గర ప్రధానమంత్రి జెండా ఎగరేసే చోటు మీరు ఎలాగూ చూపిస్తారు. 1991 నుంచి 1995 దాకా ఐదుసార్లు అక్కడ జెండా ఎగరేసింది మన పి.వి. నరసింహారావు గారని కూడా చెప్పండి. లోపల 1945లో ఆజాద్ హింద్ ఫౌజ్ అధికారుల మీద కేసు నడిచిందని, షానవాజ్ ఖాన్, సహగల్, ధిల్లాన్‌ల పేర్లు చెప్పండి. ఆగ్రా వెళ్లినప్పుడు అక్కడి కోటలో కూడా యమున వైపే నిలబెట్టండి. షాజహాన్ తన ఢిల్లీ మేడలో నిండా పదేళ్లు కూడా ఉండలేదు. 1657లో జబ్బుపడి ఆగ్రా వెళ్లాడు, 1658లో కొడుకు ఔరంగజేబు ఆయన్ను ఆగ్రా కోటలోనే బంధించాడు, 1666లో అక్కడే కన్నుమూశాడు. కూతురు జహనారా చివరిదాకా దగ్గరే ఉంది. రెండు ఊళ్లలోనూ ఆయన కిటికీ కింద అదే నది. రెండు కోటలూ వేర్వేరు పాయింట్లుగా చూపిస్తే ఈ కథ తెగిపోతుంది.

ఇదంతా ఎవరు చెప్పాలి, మన గైడుకు తెలుగు రాదు కదా అంటారేమో. నేను నాలుగు పేజీలు రాసి పెట్టాను, పెద్దక్షరాల్లో, బస్సులో మైకులో చదవడానికి పావుగంట పడుతుంది. ఏ మండపం ముందు ఏం చెప్పాలో వరసగా ఉంటుంది. మా ఢిల్లీ తెలుగువాళ్ల ద్వారా అది మీకు చేరేలా చూస్తాను. నా పేరు వేయక్కర్లేదు, ఫొటోస్టాట్ తీసి ఎన్ని కావాలంటే అన్ని పంచుకోండి.

పిన్ని ఊరెళ్లాక ఫోన్ చేసింది. వాళ్ల వీధిలో ఈ కార్తీకానికి పదకొండు మంది బయలుదేరుతున్నారట. కాయితం ముందు తనకు పంపమంది. ఒకవేళ మీవాళ్లు చదవకపోతే, వాళ్లే చదువుకుంటారని.

ఇట్లు,
ఢిల్లీలో ఉంటున్న ఒక కోనసీమ ఆడపడుచు